కడగకూడని నేల

గురువారం వచ్చిందంటే వహీదా బీ పొద్దున్నే వంట ముగించుకుని, మధ్యాహ్నం ఎండ కాస్త వాలగానే చేతిలో గుడ్డసంచితో బజారుకు బయలుదేరేది. ఎమ్మిగనూరు రోడ్డులో ఉన్న వాళ్ల టైల్స్ కార్ఖానా నుంచి ఆదోని బజారుకు నడిచి రావాలంటే కొంచెం దూరమే. దారిలో ఎవరైనా “యాడికి వహీదమ్మా?” అని పలకరిస్తే “నా నేల చూసుకోను పోతాండా” అనేది. పెద్దరైతులు పొలం చూసుకోడానికి పోతున్నామని ఎంత దర్జాగా చెప్తారో అంత దర్జాగా చెప్పేది. చెప్పడానికి ఆమెకు హక్కుంది కూడా.

ఆ నేల నరహరి షోరూంలో ఉంది. బోర్డు మీద ‘శ్రీ గురురాజ గృహాలంకరణ కేంద్రం’ అని పెద్దక్షరాలతో రాయించినా, ఆ పేరు పూర్తిగా పలికినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. అందరికీ అది షోరూమే. లోపల గోడలకు కిటికీ గ్రిల్లుల నమూనాలు, రంగు అద్దాలు, సన్‌మైకా ముక్కలు తగిలించి ఉండేవి. ఒక మూల రెండు వాష్‌బేసిన్లు పెళ్లిచూపులకు కూర్చున్నట్టు పక్కపక్కన ఉండేవి. నడిమధ్యలో మాత్రం ఏ సామానూ పెట్టకుండా విశాలంగా వదిలిన నేల. చూస్తే నున్నగా చిత్రిక పట్టిన చింతచెక్క పరిచినట్టే ఉంటుంది. చేత్తో తట్టి చూస్తే సిమెంటు టైల్స్ అని తెలుస్తుంది.

వహీదా బీ చెప్పులు బయట విడిచి లోపలికి రాగానే ముందు వంగి, టైల్స్ సందుల్లో మొలిచిన చింతచిగురు గిల్లుకునేది. ఎండాకాలమైతే సంచి నిండేది. మిగతా రోజుల్లో పప్పులోకి సరిపడా వచ్చేది. ఆ పని అయ్యాక సంచి మూతి ముడేసి, ఉపన్యాసం వినడానికి ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కూర్చునేది.

ఉపన్యాసం నరహరిది. వాళ్లది మఠంలో పూజలు, బడిలో పాఠాలు చెప్పుకునే వంశం. ఆయన రెండూ మానేసి షాపు పెట్టాడు గానీ పాఠం చెప్పే బుద్ధి మాత్రం మానలేకపోయాడు. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇంటి గురించి తెలియకపోవడం ఆయనకు నిజంగా బాధ. అందుకని ‘ప్రతి గురువారం సాయంత్రం ఉచిత ఉపన్యాసం, అందరూ రావచ్చు’ అని గుమ్మం పక్కన సుద్దతో రాసి పెట్టాడు. మిద్దె కారకుండా ఏం చేయాలి, వంటింటి పొగ ఎటు పోవాలి, మెట్లు ఎంత ఎత్తుండాలి, ఇలా వారానికొక సంగతి చెప్పేవాడు. ఉపన్యాసం అయ్యాక అందరికీ పొట్లాల్లో బొరుగుల ఉగ్గాని పంచేవాడు. జనం ఉగ్గాని కోసమే వస్తారని గిట్టనివాళ్లు అనేవారు. అలా అన్నవాళ్లు కూడా వచ్చేవాళ్లు.

వహీదా బీ పనితనం గురించి ఇక్కడే చెప్పుకోవాలి. ఆమె భర్త నబీ సాబ్ ఇనప మర తిప్పుతాడు. మనిషి నెమ్మది, మాట తక్కువ. అచ్చులో లేతరంగు సిమెంటు పాలు పోసి, దాని మీద ముదురు రంగు ధారగా వదిలాక ఆయన పక్కకు జరుగుతాడు. అప్పుడు వహీదా బీ అక్కడక్కడ పళ్లు విరిగిన కొమ్ముదువ్వెన తీసుకుని ఒక్క లాగు లాగుతుంది. అంతే, చెక్కలో ఉన్నట్టే నరాలు, సుళ్లు, కణుపులు తేలుతాయి. రెండో లాగు ఉండదు. పైన పొడి చల్లి, మర బిగించి, నీళ్లతొట్టిలో నానబెడితే టైలు తయారు.

అయితే ముందు చేత్తో పట్టుకుంటే తప్ప ఆమె ఏ చెట్టునూ గీయలేకపోయేది. ఏ చెట్టు కావాలో దాని దగ్గరికి పోయి, గాజులు పైకి తోసుకుని, చెంప ఆనించి, రెండు చేతులా కౌగిలించుకుని చాలాసేపు నిలబడేది. ఇంటికొచ్చి ఆ గీత పూర్తయ్యేదాకా పిండి కలిపేది కాదు, గిన్నె తోమేది కాదు. గీయడం అయిపోయాక ఆ చెట్టు ఆమె చేతిలోంచి వెళ్లిపోయేది. మళ్లీ గీయమంటే పిచ్చిగీతలు తప్ప ఏమీ రావు. అందుకే ఒక చెట్టు ఒక ఇంటికే.

ఆ ఇంట్లో ఆ చెట్టు తన పద్ధతిలో తానుండేది. హెడ్మాస్టరు వెంకోబారావు ఇంట్లో వేప వేశారు. ఉగాది ముందు వాళ్లావిడ హాలు ఊడ్చి, పచ్చడికి కావలసినంత పువ్వు చేటకెత్తుకుని, మిగిలింది వీధిలో అందరికీ పంచేది. గూడూరు వైపు ఒక రైతు ముందుగదిలో తుమ్మ వేయించుకున్నాడు. వచ్చిన చుట్టాలు కాఫీ చల్లారకముందే లేచిపోయేవాళ్లు. ఆయన ఈ సంగతి తెలిసే వేయించుకున్నాడని ఊళ్లో ఒక మాట ఉంది.

షోరూంలో ఉన్నది మాత్రం నందవరం చింత. వహీదా బీ పుట్టింటి చెట్టు. ఆమె తండ్రి ఖాసిం సాబ్ ఆ చెట్టు కింద నాగళ్లు బాగుచేసుకుంటూ బతికాడు, ఆమె ఆ కొమ్మకు కట్టిన ఉయ్యాల్లో పెరిగింది. ఎనభై మూడులో రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని కొట్టేశారు. గొడ్డళ్లు వచ్చే ముందురోజు తండ్రి కబురు పెట్టాడు. ఆమె మొదటి బస్సుకు పోయింది.

“పట్టుకో బేటీ, బాగా పట్టుకో. మళ్ల దొరకదు” అన్నాడు ఖాసిం సాబ్.

ఆమె పట్టుకుంది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు కడ్డీ కూడా పట్టుకోకుండా, రెండు అరచేతులూ ఒళ్లో ఆకాశం వైపు తిప్పి పెట్టుకుని కూర్చుంది. కండక్టరు టికెట్టు ఆమె కొంగుకు ముడేసి పోయాడు. అలా గీసిన నేల అది. ఆమె జీవితంలో అంత మంచి గీత ముందు రాలేదు, తర్వాత రాలేదు. ఆ సంగతి ఆమే అందరికీ చెప్పేది. ఇంకెవరో వచ్చి చెప్తారని ఎదురుచూసే మనిషి కాదు.

చూడనివాడు తండ్రి ఒక్కడే. ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. “దాని నీడలో కూచున్నోణ్ణి. దాని మీద కాళ్లు పెట్టి ఎట్ల నడిచేది? నాతో కాదు” అన్నాడు. ఊరంతా మెచ్చుకున్న పనిని కన్నతండ్రి చూడలేదన్న బాధ ఆమెకు లోపల ముల్లులా ఉండేది. ఒకరోజు ఎలాగైనా తీసుకొచ్చి చూపించాలని అనుకునేది. ఉంటుంది కదా ఎక్కడికి పోతుంది, అనుకునేది.

ఒక గురువారం, మాఘమాసంలో, నరహరి కట్టె టైల్స్ సంరక్షణ గురించి చెప్తున్నాడు. ఆ ఉపన్యాసం అప్పటికి చాలాసార్లు చెప్పాడు. అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

“తుడవల్లప్పా, కడగకూడదు” అన్నాడు చెయ్యి ఊపుతూ. “తడిగుడ్డ గట్టిగా పిండి తుడవల్ల. బకెట్టెత్తి నీళ్లు పోసినారంటే వేరు దిగుతాది. వేరు దిగితే ఇంగ మీరు టైలు మార్చలేరు, తలుపు మార్చలేరు, ఏమీ మార్చలేరు. గుర్తుండాది గదా?”

“మరి మేకలు సారూ?” అంది నర్సు సంతోషమ్మ. ఆమె ఇంట్లో కానుగ వేశారు. “పక్కింటోళ్ల మేక హాల్లోకి వచ్చి మేసి పోతాంది.”

“తలుపేసుకోమ్మా” అంది వహీదా బీ ముందు వరసలోంచి. “నేను గీసిచ్చిన చెట్టుకు కాపలా కూడా నేనే ఉండల్లనా?”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు వెనకాల నిలబడిన నరసన్న. ఆయన పత్తి వ్యాపారి, ఆ కట్టడానికి యజమాని. నరసన్న తండ్రి బతికున్న కాలం నుంచీ నరహరి అక్కడ కిరాయిదారు. ఉగ్గాని తినడం అయ్యాక నరసన్న చేతులు తుడుచుకుని నరహరిని పక్కకు పిలిచాడు. పిలిచాడన్న మాటే గానీ ఆయన గొంతు పక్కకు పోయే గొంతు కాదు. అందరికీ వినబడింది.

“స్వామీ, ఉగాది అయినాక ఇది కూలగొట్టిస్తా. లాడ్జి కడతా. మంత్రాలయం పోయేటోళ్లు, ఉరుకుంద పోయేటోళ్లు ఈడ బస్సు మారతాండారు. తల దాచుకోను చోటు లేదు. ఆదోనిలో అట్లాంటి లాడ్జి ఒగటి ఉండల్ల, జనం నా పేరు సెప్పుకోవల్ల. మీ సామాను, మీ టైల్స్ మీరు తీసుకోని పోండి. తప్పుగా అనుకోవద్దు.”

తప్పుగా అనుకోవడానికేముంది. ఇల్లు ఆయనది. ముందుగా చెప్పాడు, మర్యాదగానే చెప్పాడు. నరహరి బజారంతా వెతికాడు. దొరికిన ఒక్క గదిలో వాష్‌బేసిన్లు పెడితే మనిషి పట్టడు, మనిషి నిలబడితే ఉపన్యాసం పట్టదు. చివరికి సామాను ఇంట్లో పెట్టుకుని షాపు మూసేస్తానన్నాడు.

ఆ దెబ్బ వహీదా బీకి తగిలింది. ఒక్క టైలు చేతికిచ్చి చూపిస్తే ఎవరూ కొనరు. ఆ నేల మీద నాలుగడుగులు నడిచినవాళ్లే కొంటారు. షోరూం లేకపోతే కార్ఖానా లేదు. నబీ సాబ్ తమ్ముడు హోస్పేటలో ఒక టైల్స్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. వచ్చేయమని ఎప్పటినుంచో అంటున్నాడు.

“పోదాం వహీదా” అన్నాడు నబీ సాబ్ ఒక సాయంత్రం. “నాకు పని దొరుకుతాది.”

“నాకు?”

ఆ ఫ్యాక్టరీలో గీతలు కూడా యంత్రమే గుద్దుతుందని ఇద్దరికీ తెలుసు.

“ఆడ నా చెయ్యి ఏం జేసేది? ఈగలు తోలేదా?” అంది. తనే మళ్లీ అంది. “సరే. పోదాం. కానీ నా నేల నాతో వస్తాది. ఒక్క టైలు గూడ వదిలేది లేదు. యాడన్నా ఒక గది తీసుకోని పరుచుకుంటా. చేతిలోంచి పోయిన చెట్టు మళ్ల రాదు. అది పగిలిపోతే ఇంగ నందవరం చింత అనేది భూమ్మీదే లేదు.”

ఉగాది వెళ్లిన మూడోనాడు నబీ సాబ్ ఉలి, సుత్తె పట్టుకుని వచ్చాడు. షోరూం అప్పటికే ఖాళీ అయి ఉంది. ఆయన గోడవారన మొదటి టైలు అంచున ఉలి పెట్టి మెల్లగా తట్టాడు. కదల్లేదు. పక్కదానికి పెట్టాడు. అదీ కదల్లేదు. చివరికి మూల టైలు ఒకటి బొటనవేలు దూరేంత లేచింది. దాని కింద అతికించిన సిమెంటు లేదు. వేలెడు లావు వేర్లు ఒకదాన్నొకటి అల్లుకుని పునాదిరాళ్ల మధ్యకు దిగి ఉన్నాయి. మన్ను చల్లగా తగిలింది.

“నీళ్లు తాగినాదిది” అన్నాడు నబీ సాబ్. “బాగా తాగినాది.”

వహీదా బీ నరహరి వైపు తిరిగింది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

“మంత్రాలయం రాయరి ఆన. నేను చుక్క పోయలేదు. ఊరందరికీ చెప్పేవాణ్ణి, నేను పోస్తానా?”

అప్పుడే వెనక వాకిట్లోంచి ఆయన భార్య సరస్వతీబాయి తడిచేతులతో వచ్చింది. వాళ్ల ఇల్లు షోరూం వెనకే. విషయం విని ఆమె కొంచెం ఆశ్చర్యపోయింది, అంతకంటే ఏమీ కాలేదు.

“గురువారం గురువారం నేనే కడుగుతాండా” అంది. “ఉపన్యాసానికి ముందు రాయరి పటం పెట్టి మంగళారతి ఇస్తారు గదా. పటం పెట్టే చోటు తడిగుడ్డతో తుడిస్తే మడి ఎట్లయితుంది? నీళ్లు పారల్ల. తెల్లారకముందే బావి నీళ్లు చేది కడిగేస్తా. మీరు వచ్చేసరికి ఆరిపోతుంది.”

“వారం వారం కడగొద్దు కడగొద్దని గొంతు పోయేట్టు చెప్తాంటినే, నువ్వు గోడ అవతలే ఉంటివి. వినలేదా?” అన్నాడు నరహరి.

“విన్నాను. అది కొనుక్కునేవాళ్లకు అనుకొన్నా.”

నరహరి వాష్‌బేసిన్లున్న మూలకు పోయి, అవి లేవని గుర్తొచ్చి, ఉత్త మూలలో నిలబడ్డాడు. వహీదా బీకి నవ్వు రాలేదు. ఆమెకు కోపం, దుఃఖం ఒకేసారి వచ్చాయి.

“సరస్వతమ్మా, నువ్వు నా చెట్టును చంపినావు” అంది. “రానియ్యకుండా కట్టేసినావు. రేపు పలుగులతో పగలగొడతారు. మా నాయన ఇంగ సూడనే సూడడు.” అని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. సరస్వతీబాయి ఆమె పక్కన కూర్చుంది. మడి చీర అన్న సంగతి మరిచిపోయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తానూ ఏడ్చింది.

వైశాఖంలో ఇస్సాకు మేస్త్రి మనుషులతో దిగాడు. మిద్దె మన్ను తోడారు, దూలాలు దించారు, గోడలు నడుముదాకా తెచ్చారు. నేల జోలికి వచ్చేసరికి పలుగు వేస్తే పలుగు వంగింది. “ఇది ఆఖర్న సూద్దాం” అని ఇస్సాకు మిగతా కట్టడం బండ్లకెత్తించి వేరే ఊరి పనికి పోయాడు. నరసన్న పత్తి అమ్మకాలకు గుంటూరు పోయి ఉన్నాడు.

నరహరి మొండివాడు. కప్పు లేకపోయినా గురువారం గురువారమే అన్నాడు. గొడుగు పట్టుకుని, సగం గోడల మధ్య నిలబడి, గాలీ వెలుతురూ గురించి ఉపన్యాసం చెప్పాడు. ఆ రోజు గాలికీ వెలుతురుకూ ఏ లోటూ లేదు. జనం పల్చగానే వచ్చారు, ఉగ్గాని మాత్రం మిగల్లేదు. వహీదా బీ కూడా వచ్చింది. నేల నిండా చిగురు లేచి ఉంది. ఇన్నేళ్లూ వారం వారం గిల్లిన చెయ్యి ఆ రోజు ముందుకు రాలేదు. రేపోమాపో పోయేదాన్ని ఏం గిల్లేదనుకుని ఖాళీ సంచితో వెళ్లిపోయింది. తర్వాత ఆమె అటు రాలేదు. కార్ఖానాలో అచ్చులు తుడిచి గుడ్డల్లో చుట్టడం, పెట్టెలు సర్దడం, ఆమెకు అదే పని అయిపోయింది. శ్రావణం మొదట్లో హోస్పేట ప్రయాణం పెట్టుకున్నారు.

మృగశిర కార్తెలో మంచి వాన పడింది. కప్పు లేదు, గిల్లేవాళ్లు లేరు, వేర్లు ముందే లోతుగా ఉన్నాయి. చిగురు కొమ్మయింది, కొమ్మలు ఒకదానికొకటి దగ్గరికి జరిగాయి. నేల మీద పడుకున్న గీతలు వరస వరసగా లేచి బోదెలో కలిశాయి. ఆరుద్ర కార్తెకు చెట్టు గుమ్మం ఎత్తయింది. ఆషాఢం వెళ్లేసరికి బజారు మీద నీడ పడింది. టైల్స్ ఉన్నచోట ఎర్రమన్ను మిగిలింది. ఎదురుగా కిరాణా కొట్టువాడు తన బల్ల రెండడుగులు నీడలోకి జరుపుకున్నాడు.

నరసన్న గుంటూరు నుంచి వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. ఇంజనీరు తెచ్చిన ప్లాను విప్పితే చెట్టు సరిగ్గా భోజనాల గదిలో పడింది. “సోమవారం పొద్దున గొడ్డళ్లు తీసుకోని రా” అని ఇస్సాకుకు కబురు పంపి, వహీదా బీకి ఒక మాట చెప్పడం ధర్మమని కార్ఖానాకు పోయాడు.

“వహీదమ్మా, నీ టైల్స్ నువ్వు తీసుకోని పో అని ముందే సెప్పింటి. ఇప్పుడు సూడు, ఎంత పని అయిందో. నన్ను అనొద్దు.”

చెట్టు లేచిన సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. బజారు నుంచి వచ్చినవాళ్లందరూ చెప్పారు. పోయి చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూస్తే ఆదోని వదల్లేనని పోలేదు. ఇప్పుడు గొడ్డలి మాట కూడా వింది. అయినా బతిమాలలేదు. బతిమాలడం ఆమెకు రాదు.

“ఒగసారి కొట్టినారు. అది అడ్డం పడుకోని బతికింది. ఇప్పుడు లేచి నిలబడింది. కొట్టు నరసన్నా, నీ జాగా, నీ ఇష్టం. కొట్టినాక మళ్ల గీసేదానికి నా చేతిలో అది లేదు. ఇంత మాత్రం సెప్తా.”

నరసన్న వెనక్కు తిరిగి వెళ్లిపోయాడు. మనిషి చెడ్డవాడు కాడు. లాడ్జి పిచ్చి అంతే.

సోమవారం ఇస్సాకు గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి, సగం గోడ దగ్గరే ఆగిపోయాడు. శ్రావణమాసం, ఉరుకుంద ఈరన్న తిరునాళ్లు. తెల్లవారే బళ్లారి వైపు నుంచి, రాయచూరు వైపు నుంచి బస్సులు జనాన్ని దించి పోయాయి. వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. ఉరుకుంద బస్సుకు ఇంకా వేళ ఉంది. బజారులో నీడ ఉన్నది అక్కడొక్కచోటే. చెట్టు కింద ఎర్రమన్ను కనబడకుండా జనం కూర్చుని ఉన్నారు. ఒకామె మూడు రాళ్లు పెట్టి పసిపిల్లకు పాలు కాస్తోంది. ఇంకొకామె కొమ్మకు చీర కట్టి ఉయ్యాల వేసింది. పూజసామాన్ల బుట్టలు వేర్ల మీద వరసగా పెట్టారు. సరస్వతీబాయి వెనక వాకిట్లోంచి బావినీళ్లు చేది అందరి చెంబులూ నింపుతోంది.

“ఏమిటికి నిలబడినావు?” అని ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు నరసన్న.

“ఎవురినని లేపేదన్నా?” అన్నాడు ఇస్సాకు. “నువ్వే లేపు.”

నరసన్న గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచేలోగా తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన ఆయన తెల్లపంచె, వేలి ఉంగరం చూసి లేచి నమస్కారం పెట్టాడు.

“ఈ సత్రం నీదేనా అప్పా? దేవుడు సల్లగ సూడాల. రూములు యాడుండాయి?”

“ఇంగా కట్టలేదు” అన్నాడు నరసన్న.

“పర్వాలేదు. సావకాశంగా కట్టు. గురువారం తిరిగి వస్తాం, అప్పుడు గూడ ఈడనే దిగుతాం. నీ పేరేమి?”

“నరసన్న.”

“ఒరే, నరసన్న సత్రం అంటరా ఇది, గుర్తు పెట్టుకోండి” అని ముసలాయన తనవాళ్లకు కేకేసి చెప్పాడు. వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. బస్సులోంచి అప్పుడే దిగినవాళ్లకు కూడా ఎవరో చెప్పారు.

నరసన్న జీవితమంతా ఏ మాట వినాలనుకున్నాడో ఆ మాట ఇటుక మీద ఇటుక పెట్టకముందే వచ్చేసింది. ఆయన ఛాతీ కొంచెం పైకి లేచింది. పక్కనే ఉన్న ఇంజనీరు చేతిలోంచి ప్లాను తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు.

“చెట్టు సుట్టూ గీయి” అన్నాడు. “నడుమ వాకిలి. రూములన్నీ వాకిట్లోకి సూడల్ల. భోజనాల గది యాడన్నా పెట్టుకో.”

తర్వాత ఇస్సాకు వైపు తిరిగి “గొడ్డలి లోపల పెట్టుకో, జనం సూస్తాండారు” అని కసిరాడు.

ఆయన కార్ఖానాకు పోయేసరికి పెట్టెలు జట్కాలో ఎక్కించి ఉన్నాయి. నబీ సాబ్ తాడు బిగిస్తున్నాడు. వహీదా బీ గుమ్మంలో నిలబడి తాళం చేతిలో తిప్పుతోంది. నరసన్న ముఖం చూసి ఆమె తాళం తిప్పడం ఆపింది.

“కొట్టలేదు” అన్నాడు నరసన్న ఆయాసపడుతూ. “కొట్టను గూడ కొట్టను. కట్టకముందే నిండిపోయిన లాడ్జి జిల్లా మొత్తం మీద నాదొగటే. వహీదమ్మా, పైన కింద కలిపి ఎన్ని రూములు కడతానో అన్నింటికీ నువ్వే నేల గీయల్ల. రూముకొక చెట్టు. స్వామికి ముందుగది ఇస్తా, షోరూం పెట్టుకుంటాడు. ఉపన్యాసం వాకిట్లో.”

నబీ సాబ్ తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. భార్య ఏమంటుందో ఆయనకు తెలుసు.

“గీస్తా” అంది వహీదా బీ. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా గొంతు మాత్రం నిలకడగా ఉంది. “ఈ పక్క మంచి చెట్లు ఎన్నుండాయో అన్నీ తిరిగి పట్టుకోని వచ్చి గీస్తా. సత్రానికి నీ పేరు పెట్టుకో, బోర్డు ఎంత పెద్దదైనా రాయించుకో. ఆ చెట్టు మాత్రం లాడ్జిది అనొద్దు. ఎవురు అడిగినా సరే.”

“అనను” అన్నాడు నరసన్న. “మరి ఎవురిదని సెప్పల్ల?”

కూలగొట్టిన చెట్టును మళ్లీ నిలబెట్టినవాళ్లు తనా, నీళ్లు పోసిన సరస్వతమ్మా, కప్పు తీసిన ఇస్సాకా అని ఒక్క క్షణం నిజాయితీగానే ఆలోచించింది. “అప్పుడు సూద్దాం” అంది.

ఆ గురువారం ఉపన్యాసానికి జనం గోడలు దాటి రోడ్డు మీదికి నిండారు. ఉరుకుంద నుంచి తిరిగొచ్చినవాళ్లు సగం, ఊరివాళ్లు సగం. నరహరి కొత్త ఉపన్యాసం మొదలుపెట్టాడు. నేలను ఎప్పుడు తుడవాలి, ఎప్పుడు కడగాలి అన్నది విషయం. రెండోది చెప్పేటప్పుడు ఆయన భార్య వైపు చూడలేదు. ఆమె మాత్రం సూటిగా ఆయన్నే చూస్తూ కూర్చుంది.

అది సగంలో ఉండగా నందవరం మీదుగా వచ్చిన బస్సు ఆగింది. చేతికర్రతో ఖాసిం సాబ్ దిగాడు. కూతురు కబురు పెట్టలేదు. బస్సుల్లో వచ్చీపోయేవాళ్లు చెప్పుకుంటుంటే విని వచ్చాడు. జనం జరిగి దారిచ్చారు. ఆయన చెట్టు దగ్గరికి పోయి, పైకి చూసి, చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. బోదె మీద అరచెయ్యి పెట్టి అక్కడొక కణుపు, ఇక్కడొక సుడి తడుముకుంటూ పోయాడు. వహీదా బీ చూస్తోంది. అంతమంది ముందు, ఎప్పుడూ ఎవరి మెప్పుకోసమూ ఆగని మనిషి, ఆయన ఏమంటాడా అని చిన్నపిల్లలా నిలబడిపోయింది.

ఆయన చెప్పులు విడిచి, చెట్టుకు వీపు ఆనించి, కాళ్లు బారజాపి నీడలో కూర్చున్నాడు.

పక్కన బుట్ట సర్దుకుంటున్న ఒక యాత్రికుడు తల పైకెత్తి చూస్తూ, మాట కలుపుదామని అడిగాడు. “మంచి చెట్టప్పా. ఎవురిది?”

నరహరి ఉపన్యాసం ఆపాడు. నరసన్న నోరు తెరిచి, ఇచ్చిన మాట గుర్తొచ్చి మూసుకున్నాడు.

“మా బిడ్డది” అన్నాడు ఖాసిం సాబ్, బజారుకంతా వినబడేట్టు.